ఇంటిపేరు అడిగితే గుండె ఝల్లు.. కులం దాచుకుని బతికే ఆడవాళ్లు కడుతున్న ఖరీదు ఎంతో తెలుసా?

జగిత్యాల జిల్లా కొడిమ్యాల లాంటి చోట కులం దాచుకోవడం కుదరని పని. "ఎవరి బిడ్డవు నువ్వు?" అని ఒక్క మాట అడిగితే చాలు.. వాడ, ఇంటిపేరు, తాతల నాటి పని అన్నీ బయటికొచ్చేస్తాయి. కానీ అదే ఊరి నుంచి చదువుకో, కొలువుకో హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్ వెళ్లిన అమ్మాయి సంగతి వేరు. అక్కడ ఆమెను చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. అడిగితేనే తెలుస్తుంది. అడిగినప్పుడు నిజం చెప్పాలా, మాట దాటేయాలా? అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

సొంత గుర్తింపు దాచి, పై వర్గం మనిషిగా చెలామణి కావడాన్ని ఇంగ్లిష్‌లో 'పాసింగ్' అంటారు. అమెరికాలో తెల్లటి ఛాయ ఉన్న నల్లజాతి వాళ్లు తెల్లవాళ్లుగా బతికిన చరిత్ర నుంచి వచ్చిన మాట ఇది. మన దగ్గర రంగు స్థానంలో కులం ఉంది. రెండు చోట్లా ఒక విషయం మాత్రం ఒకేలా కనిపిస్తుంది. దాచినందుకు కట్టాల్సిన మూల్యంలో పెద్ద వాటా ఆడవాళ్లదే. ఎందుకలా? అసలు ఎందుకు దాస్తారు? దాస్తే ఏం పోతుంది? చట్టం ఏమంటోంది? వివరంగా చూద్దాం.

ఎందుకు దాస్తారు?

ముందుగా ఒక మాట. సరదాకి ఎవరూ కులం దాచుకోరు. చెప్తే ఏమవుతుందో తెలిసే దాస్తారు.

సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. పేపర్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే చదువు, ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేరు ఒక్కటే మార్చారు. కొన్ని అగ్రకులం పేర్లతో, కొన్ని దళిత పేర్లతో, కొన్ని ముస్లిం పేర్లతో వెళ్లాయి. మొత్తం 4,808 దరఖాస్తులు. అగ్రకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండొంతులే అని తేలింది. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. చదువు అదే, అర్హత అదే.. తేడా పేరులోనే!

ఇల్లు అద్దెకు వెతికేటప్పుడూ ఇదే అనుభవం. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె ఎంతో చెప్పే ముందే "మీరేమిటోళ్లు?" అని అడిగే ఓనర్లు ఉన్నారు. కొందరు నేరుగా అడగరు. "ఇంటిపేరేంటి?", "నాన్‌వెజ్ వండుతారా?", "ఊళ్లో మీ ఇల్లు ఎక్కడ?", "ఎంసెట్‌లో ర్యాంకెంత, ఏ కేటగిరీ?" ఇవన్నీ వేరు వేరు ప్రశ్నల్లా అనిపిస్తాయి కానీ అన్నీ ఒకే జవాబు కోసమే.

కొడిమ్యాల మండలం నాచుపల్లిలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. 2007లో పెట్టారు. ఇలాంటి కాలేజీలు వచ్చాకే పల్లె ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఇంజినీర్లయి నగరాలకు వెళ్లారు. వాళ్లలో ఎంతోమంది ఇళ్లలో మొదటి తరం డిగ్రీ వాళ్లు. అమ్మ బీడీలు చుట్టి, నాన్న దుబాయ్ వెళ్లి చదివించిన పిల్లలు. అంత కష్టపడి నగరం చేరాక హాస్టల్ రూమ్‌లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇంటిపేరు గురించైతే, నిజం చెప్పాలా వద్దా అని తడబడటంలో వింతేముంది?

మొదట దాచేది అమ్మనే

కులం దాచడం అంటే ఒక అబద్ధం ఆడి ఊరుకోవడం కాదు. ఆ అబద్ధానికి సాక్ష్యం చెప్పగల మనుషులందరినీ దాచాలి. అందులో మొదటి మనిషి అమ్మ. అమ్మ యాస, కట్టు, బొట్టు, తినే తిండి, మాట్లాడే తీరు.. ఎవరైనా చూస్తే పట్టేస్తారేమోనన్న భయం. అందుకే కాన్వొకేషన్‌కు పిలవరు. రూమ్‌కు రావద్దంటారు. వాట్సాప్ డీపీలో ఇంటి ఫొటో పెట్టరు.

దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ మన దేశంలో పుట్టిన అమ్మాయిదే. ఆమె పేరు మెర్ల్ ఒబెరాన్. 1911లో బాంబేలో పుట్టారు. ఆంగ్లో ఇండియన్. పెరిగింది కలకత్తాలో. తర్వాత లండన్ వెళ్లి, అక్కడి నుంచి హాలీవుడ్ స్టార్ అయ్యారు. 1935లో వచ్చిన 'ద డార్క్ ఏంజెల్' సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది. భారతీయ మూలం ఉందని తెలిస్తే హీరోయిన్ వేషాలు రాని కాలమది. అందుకే ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో పుట్టానని చెప్పుకున్నారు.

ఇంతకీ ఆమెను పెంచిన షార్లెట్ ఏమయ్యారు? మెర్ల్ తల్లి అనుకున్న ఆమె నిజానికి అమ్మమ్మ. ఆమె ఛాయ నలుపు. లండన్‌లో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. బయటివాళ్లు వస్తే మాత్రం ఆమెను పనిమనిషిగా చెప్పేవారని జీవితచరిత్రకారులు రాశారు. షార్లెట్ 1937లో చనిపోయారు. తర్వాత ఆమె ఫొటో ఇచ్చి మెర్ల్ ఒక పెయింటింగ్ వేయించారు. అందులో ఒంటి రంగు తెల్లగా మార్పించారు. చనిపోయిన తల్లిని గోడ మీద పెట్టుకోవడానికి కూడా రంగు మార్చాల్సి వచ్చింది! మెర్ల్ 1979లో చనిపోయే దాకా తన పుట్టుక గురించి బయటపెట్టలేదు.

అమెరికాలో బెల్ ద కోస్టా గ్రీన్ కథా ఇలాంటిదే. కోటీశ్వరుడు జేపీ మోర్గాన్ లైబ్రరీకి ఆమె లైబ్రేరియన్. 1924లో ఆ సంస్థకు డైరెక్టర్ కూడా అయ్యారు. తండ్రి రిచర్డ్ గ్రీనర్ సామాన్యుడు కాదు. హార్వర్డ్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి నల్లజాతి విద్యార్థి. ఆ ఘనత 1870 నాటిది. గర్వంగా చెప్పుకోవాల్సిన తండ్రి పేరునే కూతురు వదిలేయాల్సి వచ్చింది. ఇంటిపేరు మార్చుకున్నారు. ఛాయ తేడాకు కారణంగా పోర్చుగీసు మూలం అని చెప్పారు. 1950లో చనిపోయే ముందు తన సొంత ఉత్తరాలన్నీ తగలబెట్టేశారు. అంత గొప్ప గ్రంథాలయాన్ని కాపాడిన మనిషి తన జీవితానికి సంబంధించిన కాగితాలను మాత్రం మిగల్చలేదు.

పెళ్లి దగ్గరే అసలు పరీక్ష

ఉద్యోగంలో, హాస్టల్‌లో ఎలాగోలా నెట్టుకురావచ్చు. పెళ్లి మాటకొచ్చేసరికి చుట్టాలు, వంశం, ఇంటిపేరు, గోత్రం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆడవాళ్లకు ప్రమాదం ఎక్కువయ్యేది ఇక్కడే.

1925లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కేసు నడిచింది. లియొనార్డ్ రైన్‌లాండర్ అనే ధనవంతుల బిడ్డ, ఆలిస్ జోన్స్ అనే పనివాళ్లింటి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు నల్లజాతి మూలం ఉందని పేపర్లలో రావడంతో గొడవ మొదలైంది. తన జాతి దాచి మోసం చేసిందంటూ పెళ్లి రద్దు చేయమని అతను కోర్టుకెక్కాడు. విచారణలో ఏం చేశారంటే.. భర్తకు ఆమె ఒంటి రంగు ముందే తెలుసని నిరూపించడానికి, మొత్తం మగవాళ్లే ఉన్న జ్యూరీ ముందు ఆమెతో బట్టలు పక్కకు తీయించి వీపు, కాళ్లు చూపించారు. చివరికి ఆమే గెలిచింది. కానీ ఏం పోగొట్టుకుని గెలిచిందో చూడండి.

మన తెలుగు నేలపై ఈ విషయంలో అందరికీ తెలిసిన పేరు రాధిక వేముల. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణాలు తీసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తల్లి. ఆమె మీడియాకు చెప్పిన ప్రకారం.. పుట్టింది మాల కుటుంబంలో. గుంటూరులో వడ్డెర కులానికి చెందిన ఒక మహిళ చిన్నప్పుడే తెచ్చుకుని పెంచుకున్నారు. 14 ఏళ్లకే వడ్డెర కులం వ్యక్తితో పెళ్లయింది. అప్పటికి ఆమె పుట్టుక సంగతి అత్తింటివాళ్లకు చెప్పలేదు. తర్వాత తెలిసింది. అప్పటికే ఉన్న కొట్టడం, తిట్టడం మరింత పెరిగాయి. చివరికి పిల్లలతో బయటకు వచ్చేసి, కుట్టుపని చేసి పెంచారు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే.. దాచాలని నిర్ణయించింది రాధిక కాదు. అప్పటికి ఆమె చిన్నపిల్ల. అయినా శిక్ష మాత్రం ఆమెకే పడింది. కొడుకు పోయాక కూడా "అసలు మీది ఏ కులం?" అనే ప్రశ్న ఆమెను వదల్లేదు. రోహిత్ ఎస్సీ కాదని 2024 మేలో పోలీసులు హైకోర్టుకు ముగింపు నివేదిక ఇచ్చారు. నిరసనలు రావడంతో మళ్లీ విచారిస్తామని డీజీపీ ప్రకటించారు. కులాంతర వివాహంలో పుట్టిన పిల్లలు తల్లి కులం వాతావరణంలో, అవే కష్టాలతో పెరిగితే ఆ హోదా పొందొచ్చని 2012లో రమేశ్‌భాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ దాన్ని రుజువు చేసుకోవాల్సిన భారం మళ్లీ తల్లీపిల్లల మీదే.

దాచకుండా చెప్పి చేసుకుంటే క్షేమమా అంటే అదీ లేదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్ హత్య ఎందుకు జరిగిందో రాష్ట్రమంతా చూసింది. అందుకే కొందరికి నోరు విప్పడం కన్నా మూసుకోవడమే క్షేమం అనిపిస్తుంది.

వంటింటి నుంచి సిలికాన్ వ్యాలీ దాకా

2017 సెప్టెంబర్‌లో పుణెలో జరిగిన ఘటన దేశమంతా చర్చ అయింది. వాతావరణ శాఖలో పెద్ద హోదాలో ఉన్న ఒక మహిళా శాస్త్రవేత్త, తన ఇంటి పూజల్లో వంట చేసిన మనిషిపై పోలీసు కేసు పెట్టారు. ఆరోపణ ఏంటంటే.. బ్రాహ్మణ మహిళనని చెప్పి వంటకు వచ్చిందని, నిజానికి మరాఠా కులమని, దాంతో మైల పడిందని! తాను అలాంటి అబద్ధమేమీ చెప్పలేదని ఆ వంటమనిషి అన్నారు. మారువేషంతో మోసం చేసిన సెక్షన్ కిందే కేసు రాశారు. దేశవ్యాప్తంగా విమర్శలు వచ్చాక శాస్త్రవేత్త ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. వంట బాగుందా లేదా అన్నది కాదు.. వండిన చెయ్యి ఎవరిదన్నదే అక్కడ నేరమైంది.

ఇది ఇంట్లో పనిచేసే వాళ్ల సమస్యేనా? కాదు. 2020 అక్టోబర్‌లో అమెరికాలో పనిచేస్తున్న 30 మంది దళిత మహిళా ఇంజినీర్లు కలిసి ఒక ప్రకటన విడుదల చేశారు. గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్, సిస్కో లాంటి కంపెనీల ఉద్యోగులు వాళ్లు. ఆఫీసుల్లో తోటి భారతీయుల నుంచే కుల వివక్ష ఎదురవుతోందని చెప్పారు. కానీ పేర్లు మాత్రం బయటపెట్టలేదు. పెడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. కులం దాచుకున్న ఉద్యోగిని ముందు ఎవరైనా కులం పేరుతో జోకులేస్తే ఆమె ఏం చేయాలి? ఫిర్యాదు చేయాలంటే ముందు తానెవరో చెప్పాలి. చెప్పకపోతే నవ్వుతూ కూర్చోవాలి. రిజర్వేషన్ల మీద వెటకారాలు, "వాళ్లకు నీట్‌గా ఉండటం రాదు" లాంటి మాటలు.. అన్నీ వింటూ అందరితో పాటు తలూపాలి. తన వాళ్లను తిట్టే మాటకు తానే నవ్వడం.. లోపల మనిషిని నమిలేసేది అదే.

2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. ఆ దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా అసెంబ్లీ ఇలాంటి బిల్లునే ఆమోదించినా గవర్నర్ అక్టోబర్‌లో వీటో చేశారు. ఇప్పటికే ఉన్న చట్టాలు చాలన్నారు.

ఆడవాళ్లకే భారం ఎందుకెక్కువ?

కులం కనిపించే చోట్లను ఒకసారి చూడండి. వంటిల్లు, పూజగది, పండుగ, పేరంటం, పెళ్లి, పురుడు. ఇవన్నీ ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచేవే. మగవాడు ఆఫీసులో పేరు వెనక తోక కత్తిరించుకుని తిరగొచ్చు. ఇంట్లో ఏ వంట వండాలి, ఏ పండుగ ఎలా చేయాలి, పక్కింటావిడ వస్తే ఏం పెట్టాలి, పిల్లలకు బడిలో ఏం చెప్పమనాలి అన్న రోజువారీ కాపలా మాత్రం ఆడవాళ్లే కాయాలి. ఎక్కడ ఒక్క మాట జారినా తప్పు వాళ్లదే.

అందం లెక్క కూడా వాళ్లకే. తెల్లగా ఉంటే పై కులం, నల్లగా ఉంటే కింది కులం అనే తప్పుడు లెక్క మన సమాజంలో ఇంకా ఉంది. జర్నలిస్టు యషికా దత్ తన పుస్తకంలో ఇదే రాశారు. కులం బయటపడకూడదని చిన్నప్పుడు తన తల్లి ఒళ్లు తెల్లబడేందుకు నలుగు పెట్టేదని చెప్పారు. రాజస్థాన్‌లోని అజ్మీర్‌లో పారిశుద్ధ్య వృత్తి చేసే కులంలో పుట్టిన ఆమె, బ్రాహ్మణ అమ్మాయిగా పెరిగారు. స్కూల్, ఢిల్లీ కాలేజీ, ఉద్యోగం అన్నీ ఆ ముసుగులోనే. 2016 జనవరిలో రోహిత్ వేముల మరణం తర్వాత తాను దళితురాలినని బహిరంగంగా ప్రకటించారు. 2019లో 'కమింగ్ ఔట్ యాజ్ దళిత్' పుస్తకం వచ్చింది. 2020కి సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. హైదరాబాద్‌లో ఒక విద్యార్థి చావు, ఎక్కడో న్యూయార్క్‌లో ఉన్న ఒక మహిళ నోరు విప్పేలా చేసింది.

సమాజానికి పోయేదేంటి?

దాచుకున్న వాళ్లు పైకి వెళ్లినా, కింద ఉన్న వాళ్లకు ఆ విషయం తెలియదు. ఊళ్లో పదో తరగతి చదివే అమ్మాయికి "మన వాడకట్టు నుంచి వెళ్లినామె అంత పెద్ద పొజిషన్‌లో ఉంది" అని చూపించడానికి ఎవరూ మిగలరు. ఇది మొదటి నష్టం.

రెండోది.. అందరూ మౌనంగా ఉంటే వివక్ష లేనట్టే కనిపిస్తుంది. "ఈ రోజుల్లో కులం ఎక్కడుందండీ?" అనే మాట తరచూ వింటుంటాం. దెబ్బ తిన్నవాళ్లు చెప్పుకోలేకపోవడం వల్ల కూడా ఆ మాట నిలబడుతోంది.

మూడోది.. ఒకే ఆఫీసులో ఒకే కష్టం పడుతున్న ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు తెలియకుండానే ఉండిపోతారు. తెలిసినా పలకరించుకోరు. ఒకరి వల్ల ఇంకొకరు బయటపడతారేమోనన్న భయం. అమెరికా రచయిత్రి నెల్లా లార్సెన్ 1929లో రాసిన 'పాసింగ్' నవలలో ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య నడిచేది ఈ భయమే. అది 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమాగానూ వచ్చింది.

అందుకే చెప్పేసిన వాళ్ల విలువ ఎక్కువ. కాకినాడలో పెరిగి, వరంగల్ ఆర్‌ఈసీలో చదివి, న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టర్‌గా పనిచేసిన సుజాత గిడ్ల 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' పేరుతో తన కుటుంబ చరిత్ర రాశారు. మేనమామ కేజీ సత్యమూర్తితో పాటు తల్లి మంజుల జీవితం కూడా అందులో ఉంది. మెర్ల్ ఒబెరాన్ దాచిన చోటే, సుజాత తన తల్లిని పేరుతో సహా లోకం ముందు నిలబెట్టారు.

చట్టం ఏం చెబుతోంది?

* ఇంటి ఓనర్‌కో, తోటి ఉద్యోగికో కులం చెప్పి తీరాలనే చట్టం ఏదీ లేదు. అడిగితే "ఎందుకు?" అని తిరిగి అడిగే హక్కు మీకుంది.
* కులం చెప్పకపోవడం వేరు, దొంగ సర్టిఫికెట్ తీసుకోవడం వేరు. తప్పుడు కుల ధ్రువపత్రంతో రిజర్వేషన్ పొందడం 1993 నాటి రాష్ట్ర చట్టం కింద నేరం.
* అంటరానితనం కారణంగా ఇల్లు దక్కకుండా అడ్డుకోవడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 కింద నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా పడొచ్చు.
* నలుగురూ చూసే చోట కులం పేరుతో దూషిస్తే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. అయితే ఎవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాటకు ఈ సెక్షన్ నిలవడం కష్టం. ఎదుటివాళ్లకు మీ కులమే తెలియకపోతే ఇంకా కష్టం. దాచుకున్న వాళ్లకు చట్టం రక్షణ కూడా దూరమవుతుందన్నమాట.
* ఎస్సీ, ఎస్టీలపై వేధింపులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566. మహిళలకు 181. మనసు బరువెక్కితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

మరి మనమేం చేయాలి?

దాచుకున్న అమ్మాయిని "ఎందుకు దాచావు?" అని నిలదీయడం తేలిక. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో అది ఆమె ఇష్టం. ఒకవేళ మీకు తెలిసినా ఇంకొకరికి చేరవేయకండి. ఆమె ఉద్యోగం, అద్దిల్లు, కాపురం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉండొచ్చు.

మార్చుకోవాల్సింది అడిగేవాళ్లే. కొత్తగా రూమ్‌లోకి వచ్చిన అమ్మాయిని, కొత్తగా చేరిన ఉద్యోగినిని, ఇల్లు చూడటానికి వచ్చిన కుటుంబాన్ని ఇంటిపేరు అడిగే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ జవాబుతో మీకేం పని? అద్దె టైమ్‌కు ఇస్తారా, పని వస్తుందా అన్నది చాలదా? మనం ఆ ప్రశ్న మానేసిన రోజున, ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన తల్లిని "మా అమ్మ" అని అందరికీ పరిచయం చేయడానికి ఏ బిడ్డకూ భయం ఉండదు.